లెండిల్ గెలవని వింబుల్డన్

ఎనిమిది గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు. మొత్తం 94 టోర్నీల్లో విజేత. 270 వారాలు ప్రపంచ నెంబర్‌వన్. యూఎస్ ఓపెన్‌లో 1982 నుంచి 1989 దాకా వరసగా ఎనిమిదేళ్లు ఫైనల్. ఇన్ని లెక్కలున్న ఇవాన్ లెండిల్ పేరు పక్కన వింబుల్డన్ గడిలో మాత్రం సున్నా ఉంటుంది. టెన్నిస్ గురించి నాలుగు ముక్కలు తెలిసిన వాళ్లనెవర్ని అడిగినా ఆయన గురించి ముందు ఆ సున్నా సంగతే చెబుతారు.

నేను లెండిల్ ఆట చూసిన తరం కాదు. ఆయన రాకెట్ పక్కన పెట్టేనాటికి నేనింకా పుట్టలేదు. నాకు ఆయన తెలిసింది కోచ్‌గానే, అదీ ఆండీ ముర్రే కోచ్‌గా. 2013లో ముర్రే వింబుల్డన్ గెలిచినప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం. మా హాస్టల్లో టీవీ ఉండేది కాదు, పేపర్ వచ్చినా స్పోర్ట్స్ పేజీ మాయమై వచ్చేది. కాబట్టి ఆ మ్యాచ్ చాలా ఏళ్ల తర్వాత యూట్యూబ్‌లో చూశాను. ఈ మధ్య రెండు నెలల్లో మాత్రం దాన్ని ఓ పదిసార్లు చూసి ఉంటాను. ముర్రే కోసం కాదు. పైన బాక్సులో, అంటే ఆటగాడి తరఫు మనుషులు కూర్చునే చోట, కదలకుండా మెదలకుండా కూర్చున్న ఆ పెద్దమనిషి కోసం.

కారణం చెబుతాను. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ఇంజినీరింగ్ అయ్యాక ఆరేళ్లుగా కోడ్ రాస్తున్నాను, ఆ పని బాగా చేస్తానని నాకో నమ్మకం. మా దగ్గర పైకెళ్లడానికి రెండు దార్లుంటాయి. ఒకటి కోడ్ రాస్తూనే ఇంకా పెద్ద సమస్యల మీదకు వెళ్లేది. రెండోది మనుషుల్ని చూసుకునేది, టీమ్ లీడ్ వగైరా. మొదటి దానికి రెండు అప్రైజళ్లలో నా పేరు వెళ్లింది, రెండుసార్లూ వెనక్కొచ్చింది. ఈసారి మేనేజర్ పిలిచి, ‘‘నువ్వు లీడ్‌గా చెయ్యి, కొత్తగా వచ్చిన నలుగుర్ని నీకిస్తాను, పిల్లలు నీ దగ్గర బాగా నేర్చుకుంటున్నారు’’ అన్నాడు. మెచ్చుకోలే. కానీ ఇంటికొచ్చేసరికి అది నా చెవిలో ఇంకోలా మోగడం మొదలైంది. ఆడింది చాల్లే, ఇక ఆడించు అన్నట్టు.

మనకో సామెత ఉంది కదా, బతకలేక బడిపంతులు అని. మా నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ముప్ఫై రెండేళ్లు చెప్పి తెనాలిలో రిటైరయ్యారు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనరు, ఆయన తప్ప. ఆయన మాత్రం నవ్వుతూ రోజుకోసారైనా అంటారు. మేనేజర్ మాట విన్న రోజు రాత్రి నాకు మొదట గుర్తొచ్చింది ఆ సామెతే. రెండోది లెండిల్.

అసలు ఆ మనిషి ఎలా ఆడేవాడో ముందు చెప్పాలి. అప్పటి చెకొస్లొవేకియాలో, బొగ్గూ ఉక్కూ తప్ప ఇంకోటి కనపడని ఒస్ట్రావాలో 1960లో పుట్టాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ టెన్నిస్ ఆటగాళ్లే. తల్లి ఓల్గా ఆ దేశంలో పేరున్న ప్లేయర్. ఆవిడ ప్రాక్టీసు చేసుకుంటూ పిల్లాణ్ని తాడుతో నెట్ స్తంభానికి కట్టేసేదని ఆయన గురించి రాసిన చాలామంది చెబుతారు. 1978లో జూనియర్స్‌లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు, అదే ఏడాది జూనియర్ వింబుల్డన్ కూడా గెలిచాడు. అవును, వింబుల్డనే. పద్దెనిమిదేళ్ల కుర్రాడిగా అక్కడ కప్పు ఎత్తినవాడు పెద్దయ్యాక పదహారేళ్లు తిరిగీ దాన్ని ముట్టుకోలేకపోయాడు.

పెద్దల టెన్నిస్‌లోకి వచ్చాక మొదటి నాలుగు గ్రాండ్‌స్లామ్ ఫైనళ్లూ ఓడాడు. 1981లో పారిస్‌లో బోర్గ్ చేతిలో ఐదు సెట్లు ఆడి. 1982లోనూ, 1983లోనూ న్యూయార్క్‌లో కానర్స్ చేతిలో. ఆ రెండోసారి చివరి సెట్లో ఒక్క గేమ్ కూడా రాలేదు, 0–6. అదే ఏడాది చివర్లో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో విలాండర్ చేతిలో వరస సెట్లలో. దాంతో ఆయనకో ముద్ర పడిపోయింది. చిన్న టోర్నీలు ఊడ్చేస్తాడు, పెద్ద మ్యాచ్ వస్తే చేతులెత్తేస్తాడని. పోనీ జాలి పడటానికైనా ఆయన మొహంలో ఏదైనా కనపడాలి కదా? నవ్వడు, ఏడవడు, అరవడు. మెకన్రో రాకెట్ విసిరితే జనం తిట్టుకుంటూనే టికెట్ కొనేవాళ్లు. లెండిల్‌ని తిట్టుకోవడానికి కూడా ఓపిక చేసుకునేవాళ్లు కాదు. 1986లో ఆయన యూఎస్ ఓపెన్ గెలిచిన వారం ఓ పేరున్న అమెరికన్ క్రీడాపత్రిక ఎవరికీ పట్టని ఛాంపియన్ అన్న అర్థం వచ్చేలా ముఖచిత్రం వేసింది. గెలిచిన వారం!

ఐదో ఫైనల్ 1984లో, పారిస్‌లో, మెకన్రోతో. ఆ ఏడాది అప్పటిదాకా మెకన్రో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. మొదటి సెట్ 6–3, రెండోది 6–2. ఎర్రమట్టి మీద సర్వ్ చేసి నెట్ మీదకు దూకుతూ లెండిల్‌ని ఆడిస్తున్నాడు. ఆ ఆట చూస్తే ఐదోది కూడా పోయినట్టేనని ఎవరైనా అనుకుంటారు. అక్కణ్నుంచి మెకన్రోకి ఓ కెమెరామన్ హెడ్‌సెట్‌లోంచి వచ్చే శబ్దం చిరాకు తెప్పించింది, దాని మీద అరిచాడు, తర్వాత అలసిపోయాడు. ఈ భాగాన్ని అందరూ మెకన్రో చేజార్చుకున్న మ్యాచ్‌గానే చెబుతారు. నాకైతే అవతలి వైపు చూడాలనిపిస్తుంది. రెండు సెట్లు పోయాక, నాలుగు ఫైనళ్ల బరువు నెత్తిన పెట్టుకుని, ఒక మనిషి బంతిని మెకన్రో తల మీదుగా లాబ్ చేస్తూ, పక్కలకు పాస్ చేస్తూ, ఒక్కో పాయింటూ ఏరుకుంటున్నాడు. 6–4, 7–5, 7–5. మెకన్రో ఫ్రెంచ్ ఓపెన్ తన జీవితంలో ఎప్పుడూ గెలవలేదు. లెండిల్‌కి మొదటి గ్రాండ్‌స్లామ్ వచ్చింది.

ఆ తర్వాత ఆయన చేసింది ఇంజినీర్లకు బాగా నచ్చే పని. ఎక్కడ పోతోందో చూసుకుని దాన్ని ఒక్కొక్కటిగా బాగుచేసుకున్నాడు. ఐదో సెట్లో ఒళ్లు సహకరించడం లేదా, తిండి మార్చాడు, వ్యాయామం మార్చాడు. ఆ రోజుల్లో టెన్నిస్‌లో అంత పట్టుదలగా ఒళ్లు చూసుకున్నవాళ్లు తక్కువ. యూఎస్ ఓపెన్ కోర్టు అలవాటవాలా, కనెక్టికట్‌లో తన ఇంటి దగ్గర అదే రకం కోర్టు వేయించుకున్నాడు. 1985లో టోనీ రోచ్‌ని కోచ్‌గా పెట్టుకున్నాడు. ఈ రోచ్ సంగతి కూడా చూడండి. ఫ్రెంచ్ ఓపెన్ గెలిచినవాడు, వింబుల్డన్ సింగిల్స్ ఫైనల్లో 1968లో రాడ్ లేవర్ చేతిలో ఓడినవాడు. తనకు దక్కని వింబుల్డన్‌ను ఇంకొకడికి ఇప్పించాలని వచ్చిన మనిషి.

ఇప్పించలేకపోయాడు. 1986 ఫైనల్లో పద్దెనిమిదేళ్ల బెకర్, 1987 ఫైనల్లో ప్యాట్ క్యాష్, ఇద్దరూ వరస సెట్లలో గెలిచారు. సెమీఫైనల్లో ఐదుసార్లు ఆగిపోయాడు. 1990లో అయితే తనకు బాగా అచ్చొచ్చిన, మూడుసార్లు గెలిచిన ఫ్రెంచ్ ఓపెన్‌ను వదిలేసి పచ్చిక మీద ప్రాక్టీసు చేసుకున్నాడు. క్వీన్స్ క్లబ్ టోర్నీ గెలిచాడు, వింబుల్డన్ సెమీస్‌లో ఎడ్‌బర్గ్‌కి వరస సెట్లలో ఓడాడు. చేతిలో ఉన్నదాన్ని వదులుకుని లేనిదాని కోసం వెళ్లడం, అదీ ముప్ఫై ఏళ్ల వయసులో. దీన్ని పట్టుదల అనాలో పిచ్చి అనాలో నేను ఇంకా తేల్చుకోలేదు.

నాన్న బెకర్ పార్టీ. ఎనభైల్లో దూరదర్శన్‌లో వింబుల్డన్ ఫైనల్ వస్తే ఎవరింట్లో టీవీ ఉంటే అక్కడికెళ్లి చూసేవారట. మొన్న ఫోన్లో లెండిల్ పేరెత్తితే, ‘‘వాడా? మరమనిషమ్మా వాడు. బెకర్ డైవ్ కొడితే వీధంతా లేచి నిలబడేది. లెండిల్ గెలిస్తే ఎవడింటికి వాడు పోయేవాడు’’ అన్నారు.

వెన్నునొప్పితో 1994 చివర్లో ఆట మానేశాడు లెండిల్. టెన్నిస్ వైపు చాలా ఏళ్లు సరిగ్గా తిరిగి కూడా చూడలేదు. గోల్ఫ్ ఆడుకున్నాడు, ఐదుగురు ఆడపిల్లల్ని పెంచుకున్నాడు. పదిహేడేళ్ల తర్వాత, 2011 డిసెంబరు 31న, ముర్రే కోచ్‌గా ఆయన పేరు బయటికొచ్చింది. అప్పటిదాకా పై స్థాయి ఆటగాళ్లెవరికీ కోచ్‌గా చేసిన అనుభవం లేదు. మా కంపెనీలో అయితే ఆ రెజ్యుమే మొదటి రౌండే దాటదు.

మరి ముర్రే ఆయన్నే ఎందుకు పిలిచాడు? ముర్రే లెక్క చూడండి. 2008 యూఎస్ ఓపెన్ ఫైనల్లో ఫెదరర్ చేతిలో ఓటమి. 2010 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మళ్లీ ఫెదరర్. 2011 ఆస్ట్రేలియన్‌లో జకోవిచ్. మూడు ఫైనళ్లలో కలిపి ఒక్క సెట్ కూడా రాలేదు. వెనకాల 1936లో ఫ్రెడ్ పెర్రీ గెలిచాక మగవాళ్ల సింగిల్స్ కప్పు కోసం ఎదురుచూస్తున్న దేశం మొత్తం. పైగా ముర్రే లెండిల్‌కి పూర్తి వ్యతిరేకం. ప్రతి పాయింటుకీ గొణుక్కుంటాడు, కాళ్లూ చేతులూ కొట్టుకుంటాడు, బాక్సు వైపు తిరిగి తనవాళ్ల మీదే అరుస్తాడు.

2012 వింబుల్డన్‌లో నాలుగో ఫైనల్. ఎదురుగా ఫెదరరే. ఈసారి మొదటి సెట్ ముర్రే గెలిచాడు, గ్రాండ్‌స్లామ్ ఫైనల్లో అతనికది మొదటి సెట్. తర్వాత మూడూ పోయాయి. మైకు చేతికిస్తే మాట రాక ఏడ్చాడు. అంటే ఇప్పుడు ముర్రే లెక్క కూడా నాలుగుకి నాలుగు. ఆ సాయంత్రం లెండిల్ అతనితో ఏం మాట్లాడాడో మనకు అనవసరం. నేను ఆలోచించేది ఇంకోటి. ఓడినవాడితో ‘పర్లేదు, వచ్చేసారి గెలుస్తావు’ అని ఎవరైనా అంటారు, తల్లి అంటుంది, ట్రైనర్ అంటాడు, దారిన పోయేవాడూ అంటాడు. సరిగ్గా నాలుగు ఫైనళ్లు ఓడి, ఐదోది గెలిచి, తర్వాత ఇంకో ఏడు తెచ్చుకున్న మనిషి అక్కడ ఉంటే వేరు. ఆయన నోరు విప్పి చెప్పక్కర్లేదు. ఆయన అక్కడుండటమే సాక్ష్యం.

నాలుగు వారాలకు అదే సెంటర్ కోర్టులో ఒలింపిక్ ఫైనల్. అదే ఫెదరర్. ముర్రే 6–2, 6–1, 6–4తో స్వర్ణం గెలిచాడు. సెప్టెంబరులో న్యూయార్క్‌లో జకోవిచ్‌తో ఫైనల్. మొదటి సెట్ టైబ్రేకే 12–10 దాకా వెళ్లింది. రెండో సెట్ కూడా ముర్రేదే. తర్వాత రెండు సెట్లు పోయాయి. ఐదో సెట్ ముందు ఎవరి మనసులోనైనా పాత నాలుగు ఓటములూ వరస కడతాయి. ముర్రే 6–2తో గెలిచాడు. నాలుగు గంటల యాభై నాలుగు నిమిషాల మ్యాచ్. ఐదో ఫైనల్లో మొదటి కప్పు, అచ్చం లెండిల్‌లాగే.

ఇక్కడో విషయం చెప్పకపోతే కోచ్ పనిలోని కష్టం అర్థం కాదు. ఆ రోజుల్లో గ్రాండ్‌స్లామ్ మ్యాచ్ నడుస్తుండగా కోచ్ ఆటగాడికి ఏమీ చెప్పకూడదు. మాటతోనే కాదు, సైగతో కూడా. బాక్సులోంచి సలహా ఇవ్వడానికి 2022లో ప్రయోగంగా ఒప్పుకున్నారు, 2025 నుంచి అందరికీ వర్తించేలా నిబంధన మార్చారు. అప్పట్లో మాత్రం రోజుల తరబడి ప్రాక్టీసులో ఎంత చెప్పినా, అసలు మ్యాచ్ మొదలయ్యాక ఐదు గంటలు నోరు కుట్టేసుకుని కూర్చోవాలి. తనే ఆడితే ఆ బంతి ఎక్కడ వేసేవాడో తెలిసి కూడా. ముర్రే ఫోర్‌హ్యాండ్ గట్టిగా కొట్టి పాయింటును తన చేతిలోకి తీసుకోవాలని ప్రాక్టీసులో నూరిపోశారు. కొట్టాల్సింది మాత్రం అతనే.

ఇది చదివితే సులువుగా ఉంటుంది. మొన్నటిదాకా నాకూ సులువుగానే ఉండేది.

మా టీమ్‌లో నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన కుర్రాడున్నాడు, చేరి ఏడు నెలలు. ఒకటో తారీఖు రాత్రి నడవాల్సిన లెక్కల పని ఒకటి తేడా కొట్టింది. కొత్త నెల లెక్కలకు బదులు పాత నెలవే మళ్లీ తీస్తోంది. రాత్రి రెండింటికి ఫోన్ చేశాడు. స్క్రీన్ చూపించిన రెండో నిమిషంలోనే నాకర్థమైంది. మాకు ఒంటిగంట అయినప్పుడు సర్వర్ గడియారంలో ముందురోజు రాత్రి ఏడున్నరే అవుతుంది, అంటే దాని దృష్టిలో ఇంకా ముప్ఫయ్యో తారీఖే. నాకెలా తెలుసు? ఉద్యోగంలో చేరిన రెండో ఏడు సరిగ్గా ఇలాంటిదే వెతుకుతూ నేను తెల్లారిందాకా కూర్చున్నా, పక్కన చెప్పేవాళ్లు లేక. లెక్కలు పొద్దున ఎనిమిదికి కావాలి, టైముంది. మైక్ మ్యూట్ చేసుకున్నాను.

అతను ఆ లైన్ పక్కనుంచి మూడుసార్లు వెళ్లిపోయాడు. మూడుసార్లూ నా చెయ్యి కీబోర్డు మీదకు పోయింది. లేచి మంచినీళ్లు తాగొచ్చాను. ఒకసారి మాత్రం మ్యూట్ తీసి, ‘‘అది ఏ తారీఖు అనుకుంటోందో ప్రింట్ చేసి చూడు’’ అన్నాను. నలభై నిమిషాలయ్యాక గట్టిగా ఒక కేక, ‘‘అక్కా, దొరికిందక్కా! ఇది టైమ్‌జోన్ లొల్లి!’’ అని. ఆ పిల్లాడి గొంతులోని సంతోషం నేను ఈ ఏడాది రాసిన ఏ కోడ్‌కీ నాకు రాలేదు. అదే సమయంలో, నిజం చెప్పాలంటే, కొంచెం కుళ్లు కూడా. ఆ కేక వెయ్యాల్సింది నేను కదా అని.

లెండిల్‌కి ఆ కుళ్లు ఉండి ఉంటుందా? 2013 జులై 7న ఆ బాక్సులో కూర్చున్న మొహంలో నేను పదిసార్లు వెతికింది దాన్నే.

ముర్రే రెండు సెట్లు గెలిచాడు, మూడో సెట్లో 5–4తో ఆధిక్యంలో ఉన్నాడు, తనదే సర్వ్. 40–0. మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు. డెబ్బై ఏడేళ్ల తర్వాత వింబుల్డన్‌లో బ్రిటన్ మగవాడు గెలవడానికి ఒక్క బంతి చాలు. ఎదురుగా ఉన్నది జకోవిచ్. ఒకటి పోయింది, రెండు పోయాయి, మూడూ పోయాయి. డ్యూస్. తర్వాత జకోవిచ్‌కే బ్రేక్ పాయింట్, ఒకసారి కాదు మూడుసార్లు. అక్కడ గేమ్ పోయి ఉంటే సెట్ 5–5, ఆ తర్వాత ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? స్టాండ్స్‌లో జనం మొహాలు చేతుల్లో దాచుకుంటున్నారు. ముర్రే ఒక్కో బ్రేక్ పాయింటూ కాపాడుకుంటూ వచ్చాడు. నాలుగో ఛాంపియన్‌షిప్ పాయింటు మీద జకోవిచ్ బ్యాక్‌హ్యాండ్ నెట్‌లో పడింది. 6–4, 7–5, 6–4.

1987లో ఇదే కోర్టులో ప్యాట్ క్యాష్ గెలిచాక స్టాండ్స్ ఎక్కి జనం మీదుగా తన కోచ్, కుటుంబం కూర్చున్న చోటికి వెళ్లాడు. వింబుల్డన్‌లో అలా ఎక్కడం అతనితోనే మొదలైంది. అప్పుడు కింద నిలబడి ఉన్న ఓడిన మనిషి లెండిల్. ఇరవై ఆరేళ్ల తర్వాత ముర్రే అలాగే ఎక్కాడు. ఈసారి పైన ఉన్నవాడు లెండిల్. (ఆ హడావిడిలో తల్లిని మర్చిపోయి వెళ్లిపోతూ, అరుపు విని వెనక్కొచ్చి కౌగిలించుకున్నాడు ముర్రే. టెన్నిస్ నేర్పిన మొదటి కోచ్ ఆవిడే. అమ్మల పరిస్థితి ఎక్కడైనా ఇంతే.) మొహం ఎన్నిసార్లు ఆపి చూసినా నాకు కుళ్లు కనపడలేదు. అలాగని తన కల తీరిపోయిందన్న పొంగూ కనపడలేదు. పని చేసిన మనిషి పని అయ్యాక ఎలా ఉంటాడో అలా ఉన్నాడు.

మన దగ్గర ఈ మాటలు మాట్లాడుతూ పుల్లెల గోపీచంద్‌ని తల్చుకోకుండా ఉండలేం. మా ఆఫీసు బస్సు గచ్చిబౌలి మీదుగానే పోతుంది. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన మనిషి, ఒలింపిక్ పతకం మాత్రం ఆయన మెడలో పడలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న సైనా నెహ్వాల్ 2012 ఆగస్టు 4న లండన్‌లో కాంస్యం గెలిచింది, సరిగ్గా మర్నాడే అదే ఊళ్లో ముర్రే స్వర్ణం గెలిచాడు. 2016 రియోలో సింధు రజతం తెచ్చింది, అక్కడే ముర్రే రెండో స్వర్ణం. ఇంకో పోలిక కూడా ఉంది. సైనా 2014లో గోపీచంద్‌ని వదిలి వేరే కోచ్ దగ్గరకు వెళ్లింది, మూడేళ్లకు తిరిగొచ్చింది. ముర్రే, లెండిల్ కూడా 2014 మార్చిలో విడిపోయారు.

ఈ విడిపోవడం నాకు ముఖ్యం. కోచ్ కథలు చెప్పేవాళ్లు గురుశిష్య బంధం అంటూ కళ్లు తడి చేసుకుంటారు. ఇక్కడ అలాంటిదేం లేదు. ఏడాదిలో ఎన్ని వారాలు ఊళ్లు పట్టుకు తిరగాలన్న దగ్గర ఇద్దరికీ కుదరలేదు. ముర్రే అమెలీ మౌరెస్మోని కోచ్‌గా పెట్టుకున్నాడు. మగవాళ్ల టెన్నిస్‌లో అంత పైనున్న ఆటగాడు ఒక ఛాంపియన్ ఆడమనిషిని కోచ్‌గా తెచ్చుకోవడం అప్పటికి పెద్ద వార్త. ఆవిడ 2006లో వింబుల్డన్ గెలిచినావిడ. ఓడినప్పుడల్లా తప్పు ఆవిడదే అన్నట్టు మాట్లాడారు చాలామంది. మీటింగులో నేను చెప్పిన మాటనే పక్కవాడు తిరిగి చెబితే తలలూపే వాళ్లను చూశాక, ఆ వార్తలు నాకు కొత్తగా అనిపించలేదు.

2016 జూన్‌లో లెండిల్ తిరిగొచ్చాడు. వచ్చిన నెల తిరక్కుండానే ముర్రే రావోనిచ్ మీద రెండో వింబుల్డన్ గెలిచాడు, నవంబరులో నెంబర్‌వన్ అయ్యాడు. 2017లో మళ్లీ విడిపోయారు, 2022లో మళ్లీ కలిశారు. అప్పటికి ముర్రే తుంటిలో లోహం పెట్టించుకుని ఆడుతున్నాడు. మూడోసారి పెద్ద కప్పులేం రాలేదు.

మధ్యలో 2018 ఆగస్టులో లెండిల్ అలెగ్జాండర్ జ్వెరెవ్ దగ్గర చేరాడు. ఆ నవంబరులోనే జ్వెరెవ్ సెమీస్‌లో ఫెదరర్‌ని, ఫైనల్లో జకోవిచ్‌ని కొట్టి ఏటీపీ ఫైనల్స్ గెలిచాడు. ఇంకేముంది, అదే మందు మళ్లీ పనిచేసిందనుకున్నారు. ఏడాది తిరక్కముందే తెగిపోయింది. ఆయన ధ్యాస గోల్ఫ్ మీదా కుక్క మీదా ఉందన్నట్టు జ్వెరెవ్ విలేకర్ల ముందే విసుక్కున్నాడు. అదే మనిషి, అవే ఎనిమిది కప్పులు, అదే అనుభవం. ముర్రేకి అందింది జ్వెరెవ్‌కి అందలేదు. నాకు రాబోయే నలుగురిలో ఆ నిజామాబాద్ కుర్రాడు ఒక్కడే. మిగతా ముగ్గురికి నా మ్యూట్ బటన్ వల్ల ఒరిగేదేమైనా ఉంటుందా? ఒకమ్మాయి ఉంది, చెప్పకుండా వదిలేస్తే తనకు రాదేమోనని భయపడిపోతుంది. ఆమె పక్కన కూర్చుని ప్రతి లైనూ చెప్పాలి. ఆ పనికి నా దగ్గర లెండిల్ లేడు, మా నాన్న ఉన్నారు. పదో తరగతి పిల్లలకు ఒకే లెక్కను నాలుగు రకాలుగా చెప్పే మనిషి.

ముర్రే 2024 పారిస్ ఒలింపిక్స్‌తో ఆట మానేశాడు. నాలుగు నెలలైనా కాకముందే తనతో పాతికేళ్లుగా పోటీపడ్డ, తనను నాలుగు ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనళ్లలో ఓడించిన జకోవిచ్‌కే కోచ్ అయ్యాడు. 2025 జనవరిలో మెల్‌బోర్న్‌లో ముర్రే ఆ బాక్సులో కూర్చున్నాడు. జకోవిచ్ క్వార్టర్స్‌లో అల్కరాజ్‌ని కొట్టాడు, సెమీస్‌లో గాయంతో మొదటి సెట్ అవగానే తప్పుకున్నాడు. మే నెలకల్లా ఇద్దరూ విడిపోయారు, ఒక్క టైటిల్ కూడా లేకుండా. ఆర్నెల్ల ముచ్చట. బాక్సులోంచి అరుపులు తినడం ఎలా ఉంటుందో ముర్రేకి అప్పుడు తెలిసి ఉంటుంది, జకోవిచ్ కూడా తనవాళ్ల మీద గట్టిగానే అరుస్తాడు మరి.

నేను మేనేజర్‌కి సరేనన్నాను. ఒక్కటే అడిగాను, వారంలో రెండు రోజులు నా కోడ్ నేను రాసుకుంటానని. ‘‘చూద్దాం’’ అన్నాడు. ఆ మాటకు మా ఆఫీసులో ఏం అర్థమో నాకు తెలుసు, కాబట్టి మెయిల్లో కూడా రాసి పెట్టాను. కోడ్ దారి నేనింకా వదల్లేదు, వచ్చే ఏడాది మళ్లీ పేరు పంపిస్తాను.

నాన్నకు ఫోన్ చేసి చెప్పాను.

‘‘అయితే నువ్వూ పంతులమ్మవే అన్నమాట’’ అన్నారు.

‘‘బతకలేక కాదు నాన్నా’’ అన్నాను.

‘‘జీతం పెంచుతారా?’’

‘‘కొంచెం.’’

‘‘మాకు అదీ లేదు’’ అని నవ్వారు. 2013 మ్యాచ్ లింకు పంపమన్నారు. పంపాను. రెండు రోజులకు వాట్సాప్‌లో ఒకే ఒక్క ముక్క పెట్టారు: ‘‘చూశా. వాడి మొహం ఇప్పటికీ అంతే.’’